విశాఖ మ్యూజియానికి వెళ్లే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్ వచ్చిన చుట్టాలు ముందు అడిగేది సబ్‌మెరైన్, తర్వాత కైలాసగిరి, ఆ తర్వాత అరకు. బీచ్ రోడ్డు మీదే ఉన్న విశాఖ మ్యూజియం ముందు నుంచే వాళ్ల కారు పోతుంది గానీ ఆగదు. ఆగినవాళ్లలో కూడా చాలామంది ఇరవై నిమిషాల్లో బయటికొచ్చేసి "ఏముంది, పాత సామానే కదా" అంటారు. వాళ్లనీ తప్పుపట్టలేం. వెనకున్న కథ తెలియకుండా చూస్తే అది పాత సామానే. అందుకే ఇక్కడ టికెట్లు, పార్కింగ్ కంటే ఆ కథలకే ఎక్కువ చోటిచ్చాను.

ఈ మ్యూజియం ఎక్కడుంది? ఎవరు నడుపుతారు?

బీచ్ రోడ్డులో, పాండురంగాపురం వైపు, సముద్రానికి ఎదురుగా ఓ పాత డచ్ బంగళాలో ఉంది. 1991 అక్టోబర్ 8న అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి దీన్ని ప్రారంభించారు. నడిపేది నగర కార్పొరేషన్, అంటే ఇప్పటి జీవీఎంసీ. రైల్వే స్టేషన్ నుంచి గానీ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గానీ ఆటోలో వచ్చేయొచ్చు. "ఆర్కే బీచ్" అంటే చాలు, ఎవరైనా తీసుకొస్తారు. దిగాక సబ్‌మెరైన్ గుర్తు పెట్టుకుని అడిగితే, అక్కడి నుంచి నడిచే దూరమే.

పేరు విశాఖ మ్యూజియం అన్నారు. మరి విజయనగరం, బొబ్బిలి సంగతులన్నీ ఇందులో ఎందుకు?

ఒకప్పటి విశాఖపట్నం జిల్లా ఇప్పుడు మ్యాపులో కనిపించేంత చిన్నది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు శ్రీకాకుళం వైపు ఊళ్లు కొన్ని, విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, మన్యం, చివరికి ఇప్పుడు ఒడిశాలో ఉన్న జయపురం, కోరాపుట్ కూడా దీని కిందే ఉండేవి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కోరాపుట్ అటు పోయింది. 1950లో శ్రీకాకుళం జిల్లా విడిపోయింది. 1979లో విజయనగరం జిల్లా వచ్చింది. 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు కూడా వేరయ్యాయి. మిగిలింది నగరం, దాని చుట్టుపక్కల కొంచెం. ఈ మ్యూజియం మాత్రం విడిపోకముందు ఉన్న ఆ పెద్ద ప్రాంతానిది. దాన్నే కళింగాంధ్ర అంటాం. మీది పాలకొండో సాలూరో అయితే "ఇది మా ఊరి మ్యూజియం కాదు" అనుకోకండి. మీదే.

లోపల ఏం చూడొచ్చు?

కత్తులు, తుపాకులు, నాణేలు, జమీందారుల చిత్రపటాలు, పట్టుబట్టలు, నగలు, పింగాణీ సామాన్లు, వేటాడి చంపి గడ్డి కూరిన జంతువులు, రాతప్రతులు, ఉత్తరాలు, పాత మ్యాపులు, సైనికుల యూనిఫాంలు. దీనికి తోడు నౌకాదళానికి సంబంధించినవి, ఓడల నమూనాలు ఉంటాయి. పిల్లలు తిన్నగా కత్తుల దగ్గరికీ జంతువుల దగ్గరికీ పరిగెడతారు. పోనివ్వండి. మీరు మాత్రం మ్యాపులు, ఉత్తరాలు ఉన్నచోట కాసేపు నిలబడండి. మన ఊరి పేరు రెండొందల ఏళ్ల కింద ఇంగ్లిష్‌వాడు ఎలా రాసుకున్నాడో వెతుక్కోవడం ఎవరికైనా సరదాగానే ఉంటుంది.

జపాన్ బాంబు ఉందంటారు, నిజమేనా?

నిజమే. చూడగానే గొప్పగా ఏమీ అనిపించదు, ఓ ఇనప ముక్క అంతే. కానీ నన్నడిగితే ఈ మ్యూజియంలో ఒక్క వస్తువే చూసే టైమ్ ఉన్నవాళ్లు దీన్నే చూడాలి.

1942 ఏప్రిల్ 6. రెండో ప్రపంచ యుద్ధం. అంతకు ముందురోజు, ఈస్టర్ ఆదివారం నాడు, జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి. అదే సమయంలో జపాన్ నౌకాదళంలో ఇంకో దళం బంగాళాఖాతంలోకి వచ్చి, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి విమానాలను పంపింది. అవి మన తీరంలో రెండుచోట్ల బాంబులు వేశాయి: ఇటు విశాఖపట్నం, అటు కాకినాడ. ఆ రోజుల్లోనే ఈ సముద్రంలో చాలా సరుకు ఓడలను ముంచేశాయి.

వైజాగ్ మీదే ఎందుకు? ఇక్కడి రేవు అప్పటికి ఇంకా కొత్తది, 1933లో మొదలైంది. సముద్రపు అలలు లోపలికి రాకుండా ఆపడానికి అప్పట్లో రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డంగా పెట్టారు. అప్పటికి మద్రాసు, కలకత్తా మధ్య తీరంలో పెద్ద ఓడలు సురక్షితంగా ఆగేచోటు ఇదే. పైగా 1941 జూన్‌లో సింధియా అనే ఓడల కంపెనీ షిప్‌యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. రేవూ, షిప్‌యార్డూ రెండూ ఉన్న ఊరు శత్రువు కంట్లో పడకుండా ఉంటుందా?

బాంబులు పడ్డాక జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. ఉత్తరాంధ్రలో ముసలివాళ్లున్న ఇళ్లలో అడిగి చూడండి, "బాంబులప్పుడు" అని కాలం లెక్క చెప్పేవాళ్లు మొన్నమొన్నటి దాకా ఉండేవారు. పుట్టినరోజు తారీఖు తెలియకపోయినా "బాంబులప్పటికి నేను చంటిపిల్లని" అనేవారు. ఆ షిప్‌యార్డు మాత్రం ఆగలేదు. అక్కడ కట్టిన మొదటి ఓడ జలఉషను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి దించారు. అదే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డు.

ఆ రాజుల చిత్రపటాలు అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎవరు ఎవరో ఎలా తెలుసుకోవాలి?

అందరినీ గుర్తుపట్టాల్సిన పన్లేదు. రెండు యుద్ధాలు తెలిస్తే చాలు, పేర్లు వాటంతటవే సర్దుకుంటాయి.

మొదటిది బొబ్బిలి యుద్ధం, 1757 జనవరి 24. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలి కోట మీదికి వచ్చాడు. కోట నిలవదని తేలిపోయాక లోపల జరిగింది బుర్రకథల్లో విన్నదే. యుద్ధం అయిన కొన్నాళ్లకే తాండ్ర పాపారాయుడు శత్రువుల శిబిరంలోకి దూరి విజయరామరాజును చంపేశాడు. మనం దీన్ని బొబ్బిలి వైపు నుంచే వింటూ పెరిగాం. విజయనగరం వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించండి, ఆ తరంలోనే వాళ్లు తమ రాజునూ పోగొట్టుకున్నారు.

రెండోది పద్మనాభ యుద్ధం, 1794 జులై 10. ఈసారి ఎదుటివాడు ఫ్రెంచివాడు కాదు, ఈస్టిండియా కంపెనీ. బకాయిలు కట్టమని, జమీ వదిలి వెళ్లమని కంపెనీ ఒత్తిడి చేస్తే చిన విజయరామరాజు ఒప్పుకోలేదు. విజయనగరం, భీమిలి మధ్య ఉన్న పద్మనాభం దగ్గర మకాం వేసి అక్కడే కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడు. బొబ్బిలి కథ తెలిసినంతగా ఇది జనానికి తెలియదు, ఎందుకో మరి. నిజానికి ఈ ప్రాంతం తలరాత మారింది ఇక్కడే. తర్వాత 1802లో శాశ్వత శిస్తు విధానం వచ్చింది, రాజులు శిస్తు వసూలు చేసిపెట్టే జమీందారులయ్యారు. 1948 చట్టంతో ఆ జమీలూ పోయాయి. చిత్రపటాల్లో తలపాగాలు, పతకాలు, మీసాలు ఘనంగానే ఉంటాయి. పతకం ఇచ్చింది ఎవరో చూస్తే అప్పటికి అధికారం ఎవరి చేతిలో ఉందో అర్థమైపోతుంది.

డచ్ బంగళా అన్నారు. డచ్‌వాళ్లకు ఇక్కడేం పని?

బట్టలు. పదిహేడో శతాబ్దంలో మన తీరంలో నేసిన నూలు బట్టలు తూర్పు దీవుల్లో, అంటే ఇప్పటి ఇండోనేషియా వైపు, బంగారంలా అమ్ముడుపోయేవి. అక్కడ మసాలా దినుసులు కొనాలంటే చేతిలో మన బట్ట ఉండాలి. అందుకే డచ్‌వాళ్లు మచిలీపట్నం, పులికాట్, భీమునిపట్నం (అదే భీమిలి) వంటిచోట్ల గిడ్డంగులు పెట్టారు. 1824లో ఇంగ్లిష్‌వాళ్లతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఆ మరుసటేడు ఇక్కడివన్నీ వాళ్లకు అప్పగించేసి వెళ్లిపోయారు.

మ్యూజియం చూశాక ఓపిక ఉంటే అదే బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వెళ్లండి, సుమారు పాతిక కిలోమీటర్లు. అక్కడ సముద్రం దగ్గర డచ్ సమాధులున్నాయి. పైకి కోసుగా లేచిన గోపురాల్లాంటి కట్టడాలు, వాటి మీద చెక్కిన రాతలు. ఉప్పుగాలికి కొన్ని అక్షరాలు కరిగిపోయాయి గానీ కొన్ని వేలితో తడిమితే ఇంకా తెలుస్తాయి. తడమకుండా చూడ్డమే మంచిది, మనలాగే అందరూ తడిమితే అవీ మిగలవు. భీమిలి చిన్న ఊరని తీసిపారేయకండి, 1861లోనే మున్సిపాలిటీ అయింది.

బౌద్ధం కూడా ఉందంటారు కదా, అది ఈ మ్యూజియంలో చూడొచ్చా?

దానికి కొండలెక్కాలి. మ్యూజియంలో ఎదురుచూసి నిరాశపడొద్దు.

భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ ఉన్నాయి. భీమిలిలోనే పావురాలకొండ. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ. తొట్లకొండ బయటపడిన తీరు తమాషాగా ఉంటుంది: 1970ల్లో నౌకాదళం తన స్థావరం కోసం విమానంలో తీరాన్ని సర్వే చేస్తుంటే అక్కడేవో పాత కట్టడాలున్నట్టు తెలిసింది. తవ్వకాల్లో స్తూపాలు, విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లతో పాటు శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. రోమ్ డబ్బు మన కొండ మీదికి ఎలా వచ్చిందంటే, కిందున్న సముద్రం మీదుగానే. కొండ పైన నిలబడి చూస్తే ఒకవైపంతా సముద్రమే కనిపిస్తుంది, భిక్షువులు ఆ చోటు ఊరికే ఎంచుకోలేదు.

బొజ్జన్నకొండను 1906 ప్రాంతంలో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ తవ్వించాడు. అంతకాలం చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అక్కడున్నది బుద్ధుడని తెలియదు. ఏదో రాక్షసుడి రూపమనుకుని కనుమ నాడు రాళ్లు విసిరే ఆనవాయితీ ఉండేది. తర్వాత అందరూ చెప్పగా చెప్పగా మానేశారు.

ఘాజీ సబ్‌మెరైన్ ఇదేనా? బీచ్‌లో పెట్టింది?

కాదు! ఈ ప్రశ్న ఎంతమంది అడుగుతారో. ఘాజీ పాకిస్థాన్‌ది, వైజాగ్ బయట సముద్రం అడుగున ఉంది. బీచ్‌లో ఉన్నది మన ఐఎన్‌ఎస్ కురుసుర.

1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడ్డానికి ఘాజీ వచ్చింది. విక్రాంత్ వైజాగ్‌లో ఉందని నమ్మేలా మనవాళ్లు కబుర్లు పుట్టించి, అసలు నౌకను అండమాన్ వైపు తరలించేశారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఇక్కడ పెద్ద పేలుడు జరిగి ఘాజీ మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్లలో లోతున పేలే బాంబుల) వల్లే మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపలే ఏదో ప్రమాదం జరిగి పేలిపోయిందని పాకిస్థాన్ చెబుతుంది. ఆ యుద్ధం గుర్తుగానే బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం కట్టారు. మ్యూజియంకి వెళ్తూనో వస్తూనో చూడొచ్చు, టికెట్ లేదు.

మ్యూజియం ముందు చూడాలా, సబ్‌మెరైన్ ముందా?

మ్యూజియం. సబ్‌మెరైన్ చూశాక ఇంకేదీ కంటికి ఆనదు, పిల్లలకైతే మరీనూ. ఇంకో కారణం కూడా ఉంది: కురుసురకు సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే లోపలికి పంపుతారు. కాబట్టి మ్యూజియం అయ్యాక భోంచేసి అటు వెళ్లడం కుదురుతుంది.

కురుసుర గురించి నాలుగు ముక్కలు. సోవియట్ యూనియన్‌లో కట్టింది, 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది, 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లు. లోపలికెళ్లాక ఓ గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు పెట్టి, నడుం వంచి, తల దించి దూరాలి. ఎత్తైన మనిషైతే ఒక్కసారైనా నుదురు కొట్టుకోకుండా బయటికి రాడు. టార్పెడోల పక్కనే పడుకునే బల్లలుంటాయి. దాదాపు 75 మంది ఇందులో రోజుల తరబడి బతికేవారు. వంటగది చూడండి, మన అపార్ట్‌మెంట్ బాల్కనీ కంటే ఇరుకు. దగ్గరుండి చూపించేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లుంటారు. సిగ్గుపడకుండా ప్రశ్నలడగండి. "నీళ్లెలా? స్నానం ఎలా?" అని అడిగితే వాళ్ల మొహం వెలిగిపోతుంది, బోర్డు మీద లేని సంగతులు చాలా వస్తాయి.

రోడ్డుకు అవతలే టీయూ-142 విమానం ఉంది. 29 ఏళ్లు సముద్రం మీద గస్తీ తిరిగి 2017లో రిటైరై ఇక్కడికొచ్చింది. టైమ్ ఉంటే చూడండి, లేకపోతే బయట నుంచి చూసినా దాని సైజు తెలుస్తుంది.

టికెట్ ఎంత? ఎప్పుడు తెరిచి ఉంటుంది?

వీటికి ఎప్పటికప్పుడు కొత్త జవాబే సరైన జవాబు. ధరలు, వేళలు, వారాంతపు సెలవు మారుతుంటాయి. బయలుదేరే రోజు పొద్దున్న ఫోన్‌లో చూసుకోండి, మరీ ముఖ్యంగా పండగ రోజుల్లో. డిసెంబర్ మొదటివారంలో నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాది అయితే బీచ్ రోడ్డులో ట్రాఫిక్ ఆపేస్తారు. విన్యాసాలు చూడ్డానికైతే రండి గానీ, మ్యూజియం కోసం ఆ వారం వద్దు.

ఎంతసేపు పడుతుంది?

తొందరపడేవాళ్లకు అరగంట. చదువుకుంటూ చూసేవాళ్లకు గంటన్నర. సబ్‌మెరైన్, విమానం కలిపితే సగం రోజు అనుకోండి.

పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వెళ్లొచ్చా?

మ్యూజియానికి నిశ్చింతగా తీసుకెళ్లండి. సబ్‌మెరైన్ విషయంలోనే ఆలోచించాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, నడుం వంచలేనివాళ్లు, ఇరుకుచోట్ల ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు బయటే కూర్చోవడం మేలు. సముద్రం ఎదురుగా కూర్చుని మురీ మిక్చర్ తింటే వాళ్లకూ కాలక్షేపమే. చంటిపిల్లను ఎత్తుకుని ఆ కంతల్లోంచి దూరడం అంత తేలిక కాదు, ఇద్దరు పెద్దవాళ్లుంటే అందిపుచ్చుకోవచ్చు.

ఫొటోలు తీసుకోనిస్తారా?

కౌంటర్లో అడిగి తీసుకోండి. ఎక్కడైనా ఫ్లాష్ మాత్రం వద్దు. పాత బట్టలు, కాగితాల రంగులకు వెలుగు పడదు. ఇక్కడ ఉప్పుగాలి, ఉక్కపోత ఎలాగూ వాటిని తింటూనే ఉన్నాయి, మనం కూడా ఓ చెయ్యి వేయక్కర్లేదు.

ఏ నెలలు బాగుంటాయి?

నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి వరకు. ఏప్రిల్, మే నెలల్లో చెమటకు ఓపిక పోతుంది. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం వార్తలు చూసుకుని బయలుదేరండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ బీచ్ రోడ్డు ఎలా అయిపోయిందో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు.

వైజాగ్ వస్తువులు లండన్ మ్యూజియంలో ఉన్నాయట, నిజమా?

ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో మన పనివాళ్లు ఏనుగు దంతంతో, గట్టి కలపతో పెట్టెలు, కుర్చీలు, రాతబల్లలు చేసేవారు. దంతపు రేకు మీద సన్నటి గీతలతో పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపేవారు. కంపెనీ దొరలు ఎగబడి కొనుక్కుని ఓడల్లో పంపించుకున్నారు. 'విజగపటం' పేరుతోనే ఆ సామాను లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అక్కడుంటున్న మన పిల్లలు ఎవరైనా వెళ్లినప్పుడు ఆ లేబుల్ కోసం వెతకమనండి. అమరావతి శిల్పాల కోసం బ్రిటిష్ మ్యూజియానికి చాలామంది వెళ్తారు గానీ దీని సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

మా ఇంట్లో తాతలనాటి తాళపత్రాలు, నాణేలు ఉన్నాయి. ఏం చేయాలి?

ముందు చేయకూడనివి చెబుతాను. తాళపత్రాలను తడిగుడ్డతో తుడవొద్దు. ప్లాస్టిక్ కవర్లో బిగించి పెట్టొద్దు, మన తీరప్రాంతంలో లోపల చెమ్మపట్టి బూజు వస్తుంది. పొడి నూలుగుడ్డలో చుట్టి, రెండు చెక్కల మధ్య పెట్టి, గాలి ఆడేచోట ఉంచండి. పూర్వం నిమ్మగడ్డి నూనె రాసేవారు, ఇప్పటికీ అదే వాడతారు గానీ తెలిసినవాళ్ల చేత చేయించండి. నాణేలను చింతపండుతో తోమొద్దు. మెరుపుతో పాటు అక్షరాలూ పోతాయి.

ఇక చట్టం సంగతి. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిలో కొన్నిటిని రిజిస్టర్ చేయించుకోవాలి, ఏవీ సొంతంగా విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి గుర్తుగా పంపుదామనుకునేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. పొలంలో తవ్వుతుంటే నాణేల బిందె దొరికితే అది ఇంకో చట్టం, కలెక్టర్‌కు చెప్పాల్సిందే. మ్యూజియానికి ఇవ్వాలనుకుంటే వస్తువుతో పాటు ఓ కాగితం కూడా ఇవ్వండి: ఇది ఎవరిది, ఏ ఊరిది, ఇంట్లో దీని గురించి ఏం చెప్పుకునేవారు. వస్తువు ఫొటో ఒకటి, మీరు ఇచ్చినట్టు రసీదు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.